పిడికిలి సందు

హారన్ ఆగడం లేదు.

దాన్ని నొక్కుతున్నది చెంగల్రాయుడి చెయ్యి కాదు, పొట్ట. కనకమ్మ సత్రం దాటగానే ఉన్న కల్వర్టు గోడకు కారు ముక్కు గుద్దుకొని, ఎడమవైపుకు ఒరిగి నిలబడింది. లోపల సీటుకూ స్టీరింగుకూ మధ్య అతను బిగుసుకుపోయాడు. తలుపు తెరిచి ఇద్దరు మనుషులు చంకల కింద చేతులేసి లాగుతున్నారు. లాగినప్పుడు పొట్ట కాస్త లేచి హారన్ ఒక్క క్షణం ఆగుతుంది. వదలగానే మళ్లీ మొదలు.

"తూక్కు, తూక్కు! పైకెత్తండి, రెండు పక్కలా పట్టుకోండప్పా!"

"యాడ పట్టుకునేది? చేతికి అందితే గదా!"

గుంపులో నవ్వు. ఎవరో ఫోన్ ఎత్తి పట్టుకున్నారు.

ఆ నవ్వు చెంగల్రాయుడికి పట్టలేదు. అతను వినాలనుకుంటున్న గొంతు వేరే ఉంది. హారన్ ఆగిన ఆ కాస్త సేపట్లోనే అది తునకలు తునకలుగా చెవిన పడుతోంది. వెనక సీట్లో కూర్చుని ఉండాల్సిన అక్క గోవిందమ్మ సీట్ల మధ్య కింద పడి ఉంది.

"అయ్యో... నడుము..."

హారన్.

"ముట్టొద్దు... దాన్ని ముట్టొద్దురా..."

హారన్.

"నన్నొదలండి! వెనక మా అక్క ఉండాది! ముందు ఆమెను తీయండి!" అని అరిచాడు.

అప్పుడు గానీ జనం వెనక తలుపు దగ్గరికి పోలేదు. తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఒకడు లోపలికి వంగాడు. "కాలు ముట్టొద్దంటా ఉండాది పాపం. మెల్ల, మెల్ల. ఏం తల్లీ, ఆ చెయ్యి సీటు కింద ఎందుకు పెట్టినావు? వదులు. వదలమ్మా." గోవిందమ్మ వదల్లేదు. ఆయన ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది.

అంబులెన్స్ ఆమెను ఎక్కించుకొని తిరువళ్లూరు వైపు వెళ్లిపోయాక, ఎవరికో స్టీరింగ్ కింద ఉండే మీట తట్టింది. దాన్ని లాగి స్టీరింగును పైకెత్తారు. చెంగల్రాయుడు తెగిన చొక్కా గుండీలతో రోడ్డు మీదికి వచ్చి పడ్డాడు. ఒంటి మీద ఒక్క గీత లేదు.

రోడ్డుకు అవతల ఒక ముసలామె మేకల తాళ్లు రెండూ చేతికి చుట్టుకొని కూర్చుని ఉంది. అతను తప్పించింది వాటినే. "బండి వచ్చిన చప్పుడే లేదు సామీ. పిల్లి మాదిరి వచ్చె," అంటోంది అందరితో.

అది నిజమే. హైబ్రిడ్ బండి. ఊళ్లో మెల్లగా వెళ్లేటప్పుడు బ్యాటరీ మీద నడుస్తుంది, చప్పుడుండదు. కానీ చెంగల్రాయుడు మేకలను దూరం నుంచే చూశాడు. చూడగానే బ్రేకు మీదికి కాలు తీయబోయాడు. మోకాలు స్టీరింగ్ కింద తట్టుకుంది. కాలు లేవలేదు. స్టీరింగు పూర్తిగా తిప్పబోతే పొట్ట అడ్డం వచ్చింది.

ఈ సంగతి అతనికొక్కడికే తెలుసు. ఎవరికి చెప్పినా ఏమంటారో కూడా తెలుసు.

*

ఆ మాట అన్నవాడు యువరాజ్. గోవిందమ్మ కొడుకు. శ్రీపెరంబుదూరులో కంపెనీ ఉద్యోగం. మెడలో ఐడీ కార్డు తీయకుండానే ఆస్పత్రికి పరిగెత్తుకొచ్చాడు. ఆపరేషన్ గది బయట మేనమామను చూసి ఆగాడు.

"తుంటి ఎముక విరిగిందంట. ఏం చేసినావు మామా?"

"మోకాలు ఇరుక్కునిందిరా. బ్రేకు మీదికి కాలు పోలా."

"ఎందుకు ఇరుక్కునింది?"

"సీటు..."

"సీటా!" యువరాజ్ గొంతుకు నర్సు తల తిప్పి చూసింది. అతను స్వరం తగ్గించాడు కానీ వదల్లేదు. "బండి తీసుకొని నెల గాలేదు. మూడు షోరూములు తిరిగి, ప్రతి సీట్లోనూ పెండ్లికొడుకు మాదిరి కూర్చొని చూసి తీసుకుంటివి. సీటు కుదిరిందని మణవాళనగర్ అంతా చెప్పుకొంటివి. ఇప్పుడు కుదరలేదంటే పెరిగింది ఎవరు మామా? సీటా, నువ్వా?"

చెంగల్రాయుడి కూతురు నిత్య మధ్యలోకి వచ్చింది. "బావా, ఇప్పుడెందుకు ఇదంతా?"

"ఇది చూసినావా నువ్వు?" అని యువరాజ్ ఫోన్ ఆమె ముందు పెట్టాడు.

తెర మీద తెగిన గుండీలు, పైకి లేచిన చొక్కా, మోగుతున్న హారన్. కింద తమిళంలో 'హారన్ మామ' అని రాసి నవ్వే బొమ్మలు పెట్టారు. వీడియోలో నవ్వుల మధ్య గోవిందమ్మ మూలుగు కూడా ఉంది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. నిత్య సగంలోనే ఫోన్ తిప్పి ఇచ్చేసింది.

"ఆఫీసులో నాకే పంపినారు, నా మామ అని తెలీక," అన్నాడు యువరాజ్. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "మామా, నిన్ను కొట్టడానికి చెయ్యి రాదు నాకు. ఒక్కటి చెయ్. అమ్మకు తెలివి రానీ. ఆమె ముందర ఒప్పుకో. నా ఒళ్లే కారణం, ఇంక స్టీరింగ్ ముట్టను అని చెప్పు. బండి అమ్మేద్దాం."

చెంగల్రాయుడు బెంచీ మీద కూర్చోలేదు. ఆ బెంచీకి చేతులున్నాయి. వాటి మధ్య అతను పట్టడు. గోడకు ఆనుకొని నిలబడే జవాబిచ్చాడు.

"అమ్మితే తినేదేముండాదిరా? నాకు తెలిసిందల్లా ఆ పనే."

"ఎవర్నన్నా చంపేదాకా తోలుతావా?"

"నా ఒళ్లు కాదు, యువరాజూ. నేను చూసి తీసుకున్నా. నా ఒళ్లు కాదు."

*

మరుసటి పొద్దున అతను తిరువళ్లూరు షోరూముకు పోయాడు. అద్దాల తలుపు తెరవగానే అర్చన గుర్తుపట్టింది. అతన్ని ఎవరూ మర్చిపోరు. బండి కొనడానికి వచ్చిన మొదటి రోజు ఆమె మైలేజీ గురించి నోరారా చెబుతుంటే, అతను వినకుండా సీటు మీద అరచెయ్యి వేసి నొక్కి చూస్తూ ఉండిపోయాడు. "అందరూ మైలేజీ అడుగుతారు, మీరు అడగలేదే అన్నా?" అంటే, "మైలేజీ బండిది పాపా, నడుము నాది," అన్నాడు. ఆ మాట షోరూములో రెండు రోజులు నడిచింది.

ఇప్పుడామె నవ్వలేదు. వీడియో ఆమె దాకా కూడా వచ్చినట్టుంది.

"బండి ఇంకొకసారి చూడాల. ఇదే రకం, ఇదే సీటు."

ఆమె తాళం తెచ్చి హాల్లో ఉన్న బండి తెరిచింది. చెంగల్రాయుడు ముందు పిరుదులు ఆనించి, తల వంచి, కుడికాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకున్నాడు. సీటు కింది మీట లాగి వెనక్కి తోశాడు. సీటు ఒక్కో గాడి దాటుతూ జరిగి చివర ఆగింది. బెల్టు లాగి పెట్టుకున్నాడు. తర్వాత పొట్టకూ స్టీరింగుకూ మధ్య పిడికిలి పెట్టాడు.

పిడికిలి నిండుగా పట్టింది.

అది అతని కొలత. ముప్పై ఏళ్ల బాడుగ బండి పనిలో అతను నేర్చుకున్నది ఇదొక్కటే. ఒక షోరూములో బెల్టు కొక్కెం తొడ కింద పూడిపోయింది, ఆ బండి వద్దన్నాడు. ఇంకొకదాంట్లో సీటు అంచులు పట్టకారులా రెండు పక్కలా నొక్కాయి, వద్దన్నాడు. ఈ హైబ్రిడ్‌లో సీటు వెడల్పు, వెనక్కి కావలసినంత జరుగుతుంది, పిడికిలి పట్టింది. చెన్నై ట్రాఫిక్‌లో పెట్రోలు మిగలడం తర్వాత సంగతి.

మరి తన బండిలో ఎందుకు పట్టలేదు?

తిరుత్తణి కొండ కింద పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చిన రోజు పిడికిలి పట్టింది. ఒకటి రెండు రోజుల్లోనే పట్టడం మానేసింది. వేళ్లు పరిచి తోస్తే అరచెయ్యి మటుకు దూరేది. మీట లాగి వెనక్కి తోస్తే గట్టిగా తగిలి ఆగిపోయేది. ఇంతేనేమో, షోరూములో ఆశ కొద్దీ ఎక్కువనిపించిందేమో అనుకున్నాడు. రాత్రి అన్నం మానేశాడు. పొద్దున ఇడ్లీలు తగ్గించాడు. అక్క ఎందుకని అడిగితే కడుపు బాగాలేదన్నాడు.

"నాకిచ్చిన బండిలో సీటు వేరే పెట్టినారా పాపా? నిజం చెప్పు."

"అయ్యో, కంపెనీ సీటన్నా. అన్నిట్లో ఒకటే." అర్చన చేతిలోని తాళాన్ని అటూ ఇటూ తిప్పింది. "మీరే ఏమన్నా కొంచెం..."

మాట పూర్తి చేయలేదు. చేయాల్సిన అవసరం కూడా లేదు.

అతను నేరుగా బజారులో రాజమాణిక్యం బియ్యం మండీకి పోయాడు. చిన్న తూకం యంత్రాలు అతన్ని మొయ్యవు. మూటలు తూచే కాటా ఎక్కి నిలబడ్డాడు. రాజమాణిక్యం కళ్లజోడు సర్దుకొని అంకె చూశాడు.

"చెప్పు సామీ, పెరిగినానా?"

"పోయిన పండగకు పందెం కట్టి ఎక్కినావే, దానికన్నా ఒక వీసెడు, కిలోన్నర దాకా తగ్గినావు. ఏం, ఒంట్లో బాగలేదా?"

చెంగల్రాయుడు కాటా దిగలేదు. అంకె వైపే చూస్తూ నిలబడ్డాడు. వెనక మూట మోస్తున్న మనిషి "జరగన్నా" అనేదాకా అట్లాగే ఉన్నాడు.

ఒళ్లు పెరగలేదు. షోరూములో సీటు సరిగ్గానే ఉంది. అయితే తన బండిలో ఏదో జరిగింది. ఎవరో ఏదో చేశారు.

*

దెబ్బ తిన్న కారును తిరుత్తణిలో మురుగేశ్ వర్క్‌షాపుకు లాగించి ఉంచారు. నిత్యను వెంటబెట్టుకొని చెంగల్రాయుడు బస్సెక్కాడు. అతను కూర్చున్న సీట్లో పక్కన ఇంకొకరికి చోటు మిగల్లేదు. నిలబడ్డవాళ్లు ఆ సీటునూ, అతన్నీ చూశారు. ఎవరో వెనక నుంచి నోటితో సన్నగా హారన్ మోగించారు. నిత్య గిరుక్కున తిరిగింది.

"వద్దులే పాపా," అన్నాడు. "ఈ పొద్దుతో తేలిపోతుంది."

మురుగేశ్ ముందు చక్రం ఊడదీసి పక్కన పెట్టి ఉన్నాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "వాంగన్నా, రా. ఇంజినుకేమీ కాలా. గుడ్డలో చుట్టి దేవుడే కాపాడినాడు."

"సీటు చూడు మురుగేశా. చివరిదాకా పోతుందా?"

మురుగేశ్ మీట లాగి భుజంతో తోశాడు. టక్కుమని ఆగింది. "ఇంతే అన్నా. ఎండింగ్."

"కాదు. షోరూములో ఇంకా పోతుంది. నిన్న కూర్చొని వచ్చినా."

"కింద ఏమన్నా చిక్కుకుందేమో. సీటు కవర్లు పట్టాల దాకా దిగి ఉండాయి, కానరాదు."

చెంగల్రాయుడు వంగి చూద్దామనుకున్నాడు. నడుము సగంలోనే ఆగింది. సీటు కిందికి చూడటం అతనికి ఎప్పుడూ సాధ్యం కాదు. బండి ఎంత తుడిచినా అక్కడ అక్కే తుడుస్తుంది.

నిత్య వెనక తలుపు తీసి, నేల మీద బోర్లా పడుకొని, సీటు కవరు అంచు ఎత్తి ఫోన్ లైటు వేసింది.

"నాయనా... ఇక్కడేదో ఉండాది. గుండ్రంగా. పసుపు గుడ్డ చుట్టి, ఇనుప పట్టాకు కట్టి ఉండాది. సీటు దానికే తగిలి ఆగతా ఉండాది."

చెంగల్రాయుడు కారు పైకప్పు మీద చరిచాడు. "దొరికినాడు దొంగ!" అని అరిచాడు. "చూసినావా మురుగేశా? ఒళ్లంట, ఒళ్లు! నా బండిలో ఎవడో అడ్డం పెట్టినాడు!" యువరాజ్ నంబరు నొక్కాడు. ఫోను మోగుతోంది. "రానీ, వాడి చెవిలోనే చెప్తా. వీడియో తీసినోళ్లందరికీ చెప్తా!"

నిత్య ముడి విప్పబోయింది.

"ముట్టొద్దు పాపా!" మురుగేశ్ చెయ్యి అడ్డం పెట్టాడు. నుదుటి విభూతి మీద చెమట కారుతోంది. "అది ముడుపు. లోపల టెంకాయ ఉంటుంది. స్వామికి మొక్కుకొని కట్టింది. చెల్లించేదాకా ముట్టకూడదు."

ముట్టొద్దు.

చెంగల్రాయుడు ఫోను చెవి దగ్గర పెట్టుకొని అట్లాగే ఉండిపోయాడు. రోడ్డు మీద, హారన్ ఆగిన సందుల్లో, అక్క అన్న మాట అదే. ముట్టొద్దు, దాన్ని ముట్టొద్దురా. అందరూ కాలు గురించే అనుకున్నారు. అతనూ అట్లాగే అనుకున్నాడు.

తలుపు పట్టుకొని, మోకాళ్ల మీద కష్టంగా కూలబడ్డాడు. ఈసారి కనిపించింది. పసుపులో ముంచిన నూలు గుడ్డ. అంచున సన్నని నీలం గీత. అది గోవిందమ్మ పాత చీర అంచు. ఒకదాని మీద ఒకటిగా ముడులు వేసి, కొసలు లోపలికి దోపి ఉంది. అతని అన్నం క్యారియరుకు ఆమె రోజూ గుడ్డ కట్టేది సరిగ్గా అట్లాగే.

"హలో? మామా? చెప్పు," అన్నాడు ఫోనులో యువరాజ్.

"ఏమీ లేదురా." అన్నాడు చెంగల్రాయుడు. "అమ్మ ఏమన్నా తినిందా?"

"లేదు. నీళ్లు కూడా తాగడం లేదు. నీకోసమే అడగతా ఉండాది."

"వస్తా ఉండానని చెప్పు."

నిత్య లేచి కూర్చుంది. ఆమె ముఖం పాలిపోయింది. "నాయనా, పూజ మర్నాడు పొద్దున నేను వీధిలో బండి తోలి నేర్చుకుంటిని గదా. సీటు బాగా ముందుకు లాక్కున్నా. అత్త వెనక కూర్చొని, చీపురుతో కింద ఊడుస్తా ఉండాననింది. ఆ పొద్దే..."

చివరికి నిత్యే చెయ్యి పెట్టి, ముడుపు ముడి చెదరకుండా, పట్టాకు కట్టిన కొసను మాత్రం విప్పి బయటికి తీసింది. మురుగేశ్ చెప్పులు విడిచి దూరంగా నిలబడ్డాడు. చెంగల్రాయుడు సీట్లో కూర్చుని మీట లాగాడు. సీటు ఒక్కో గాడి దాటుతూ వెనక్కి జారి చివరికి చేరింది. పిడికిలి పెట్టి చూశాడు.

నిండుగా పట్టింది.

అతను పిడికిలి అక్కడి నుంచి తీయలేదు. స్టీరింగు మీద నుదురు ఆనించాడు. ఈసారి హారన్ మోగలేదు. భుజాలు మాత్రం కదిలాయి.

"బావకు చెప్తాం పద," అంది నిత్య. "నిన్ను ఎన్ని మాటలన్నాడు! ఊరంతా నవ్వింది. నీ తప్పు కాదని తెలియాల గదా?"

"తెలియాల," అన్నాడు. ముడుపును భుజాన ఉన్న సంచిలో పెట్టుకొని, జిప్పు మెల్లగా లాగాడు.

*

గోవిందమ్మ మంచం మీద సగమే మిగిలినట్టు కనిపించింది. తుంటికి కట్టు కట్టి, కాలు దిండు మీద ఎత్తి పెట్టారు. యువరాజ్ కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. "నడిపిస్తామంటా ఉండారు, వాకర్ పెట్టి, ఇంట్లోనే," అని మేనమామతో ముక్తసరిగా చెప్పాడు. "మెట్లు మాత్రం ఇంక ఎక్కలేదంట." తర్వాత చేతులు కట్టుకున్నాడు. ఎదురు చూస్తున్నాడు.

"రాయుడా, దగ్గరికి రా," అంది గోవిందమ్మ. "నీకు దెబ్బ తగల్లేదు గదా? చొక్కా ఎత్తు, చూడనీ."

చెంగల్రాయుడు చొక్కా ఎత్తి చూపించాడు. ఆమె చెయ్యి చాచి అతని పొట్ట మీద, స్టీరింగు ఒత్తుకున్న ఎర్రని చార మీద తడిమింది.

"గీతంతే. పరవాలేదు." ఊపిరి పీల్చుకుంది. "చెల్లించేదాకా నోరు తెరవకూడదు. అయినా చెప్తా ఉండా. నువ్వు పగలూ రాత్రీ రోడ్డు మీదుండేవాడివి. బండి కొత్తది, చప్పుడు కూడా లేదు. నాకు భయమెత్తింది. నువ్వు కూర్చునే చోటే, నీ సీటు కిందనే, స్వామికి ముడుపు కట్టినా. ఒక ఏడు క్షేమంగా గడిస్తే తిరుత్తణి కొండ మెట్లెక్కి వచ్చి చెల్లిస్తానని మొక్కినా. అది ఉండబట్టే నువ్వు బయటపడినావురా."

"అవునక్కా."

"బండిలో అట్లనే ఉండాదా?"

"అట్లనే ఉండాది. ఎవరూ ముట్టలా."

సంచి అతని భుజానే వేలాడుతోంది. లోపల టెంకాయ బరువు పక్కటెముకకు తగులుతోంది. నిత్య సంచి వైపు చూసింది, నాన్న ముఖం వైపు చూసింది.

గోవిందమ్మ కళ్ల కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. "మరి అంత కట్టినా ఎందుకిట్లయిందిరా? కండ్లు మూసుకుంటే అదే ఆలోచన. మైల చేత్తో కట్టినానా? ముడి తప్పు వేసినానా? స్వామికి కోపమొచ్చిందా? నా ముడుపులోనే ఏదో తప్పుండాది. అందుకే గొంతులోకి నీళ్లు కూడా దిగడం లేదు. నిజం చెప్పు, నువ్వు ముందు కూర్చున్నావు, నీకు తెలుసు. తప్పు నా ముడుపుదేనా?"

"అత్తా..." అంది నిత్య.

చెంగల్రాయుడు కూతురి మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు. ఆమె నోరు మూసుకుంది.

అతను మంచం పక్కనున్న గ్లాసు తీసుకున్నాడు. ఒక చేతిని అక్క మెడ కింద పెట్టి తల ఎత్తాడు. గ్లాసు ఆమె పెదవులకు ఆనించి, కాళ్ల దగ్గర నిలబడ్డ యువరాజ్‌కు కూడా వినబడేట్టు చెప్పాడు.

"తాగక్కా. నీ ముడుపు ఏ తప్పూ చేయలా. ఇంక స్టీరింగ్ ముట్టను, ఒట్టు. తప్పు చేసింది నా ఒళ్లు."